ఉడకని మటన్ వల్ల ఉపయోగాలు

దేశంలోని ప్రెషర్ కుక్కర్లన్నిటినీ వెంటనే నిషేధించాలని ప్రభుత్వానికి నా విన్నపం. నాలుగు విజిళ్లకే మేకపోతును మెత్తబెట్టే ఆ అల్యూమినియం గిన్నె మన సమాజానికి చేసిన నష్టం ఇంతా అంతా కాదు. దాన్ని వెనక్కి తీసుకొని ఇంటింటికీ ఒక పెల్లెట్ గ్రిల్ ఇవ్వాలి. సబ్సిడీ మీద ఇస్తే మరీ సంతోషం!

పెల్లెట్ గ్రిల్ అంటే ఏమిటంటారా? అదొక నల్లటి ఇనప డ్రమ్ము. దాని పక్కనే ఒక డబ్బా. కట్టెపొట్టును గట్టిగా అదిమి చేసిన గుళికల్ని ఆ డబ్బాలో పోయాలి. కరెంటుతో తిరిగే మర ఒకటి వాటిని కాసిన్ని కాసిన్ని చొప్పున నిప్పులోకి తోస్తుంది. ఎంత వేడి కావాలో మీట తిప్పి చెబితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. లోపల సన్నటి సెగ, పొగ. ఆ రెండింటి మధ్య మాంసం పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా మగ్గుతుంది.

ఇంత కరెంటు, ఇంత ఇనుము, ఇంత తెలివి కలిపి గంటలో అయ్యే పనిని రోజంతా సాగదీయగలిగారు. సైన్స్ అంటే అదీ!

నమ్మకం కలగకపోతే జమ్మికుంట అవతల ఒక పల్లెకు, పరశురాములు వాకిట్లోకి రండి. దారి అడగక్కర్లేదు. ఆదివారం పూట పొగ ఎటు లేస్తే అటే.

పరశురాములు మస్కట్‌లో ఒక కంపెనీ మేనేజర్ బంగ్లాలో తోటపని చేసేవాడు. వయసులో ఉన్న ఏళ్లన్నీ అక్కడే గడిచాయి. క్యాంపులో ఒకరు డ్యూటీకి పోతుంటే ఇంకొకరు వచ్చేవారు. ఎవరి అన్నం వారిది, ఎవరి మంచం వారిది. పళ్లెం ఒళ్లో పెట్టుకొని, గోడకేసి చూస్తూ తిని, పళ్లెం కడుక్కొని పడుకోవడమే భోజనం.

కానీ సెలవు రోజున మేనేజర్ బంగ్లాలో ఇంకో లోకం ఉండేది. తోటలో ఈ నల్ల డ్రమ్ము చుట్టూ కుర్చీలు వేసుకొని వాళ్ల చుట్టాలూ స్నేహితులూ సాయంత్రం దాకా కూర్చునేవారు. నవ్వులే నవ్వులు. పరశురాములు పైపు పట్టుకొని మొక్కలకు నీళ్లు పెడుతూ అదంతా చూసేవాడు. ఏళ్ల తరబడి చూసి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ జనం అట్లా కలిసి కూర్చోవడానికి కారణం వాళ్ల మంచితనం కాదు, ఆ యంత్రమే.

మేనేజర్ కుటుంబం దేశం విడిచి పోతూ దాన్ని అతనికే ఇచ్చేసింది. పరశురాములు కూడా గల్ఫ్‌కు దండం పెట్టి, దాన్ని కార్గోలో వేయించుకొని ఇంటికొచ్చాడు.

ఇక్కడ మీకు అతని కోరిక చెప్పాలి. ఇల్లు కట్టాలని కాదు, కారు కొనాలని కాదు. తన వాకిట్లో చాప పరిచి, అన్న మొండయ్య పక్కన ఒక్క బంతిలో కూర్చొని ఒక పూట తీరిగ్గా తినాలి. అంతే! చిన్నప్పుడు తల్లి చేత్తో ముద్దలు పెడితే ఇద్దరూ అట్లాగే పోటీపడి తిన్నారు. మస్కట్‌లో గోడకేసి చూస్తూ తిన్నన్ని రోజులూ అతను ఆ గోడ మీద చూసుకున్నది ఈ బంతినే.

మొండయ్య మంచివాడే. తమ్ముడంటే ప్రాణం. కాకపోతే పత్తి మార్కెట్లో వ్యాపారి దగ్గర పని, చెవిలో ఫోను, కాళ్ల మధ్య బండి. తమ్ముడు సెలవు మీద వచ్చిన ప్రతిసారీ వచ్చేవాడు. నిలబడే చాయ తాగేవాడు. మంచిగున్నావా అని అడిగి, జవాబు వచ్చేలోపు కిక్ కొట్టేవాడు. పోయినసారి దావత్ పెట్టినప్పుడైతే బండి స్టాండు కూడా వేయలేదు.

“పార్సిల్ కట్టు తమ్మీ. మార్కెట్ల పత్తి బండ్లు ఆగినయ్,” అన్నాడు.

ఆ మాట ఎంత పుణ్యమైనదో గానీ, వెనకాల వచ్చినవాళ్లంతా అదే అందుకున్నారు. కుక్కర్‌లో మటన్ అప్పటికే సిద్ధం. ఆపడానికి ఏం సాకుంటుంది? డబ్బాలు నిండాయి, బండ్లు కదిలాయి. పొడుగ్గా పరిచిన చాప మీద పరశురాములు, అతని భార్య జమున, తల్లి కిష్టవ్వ మిగిలారు. ఇప్పుడు చెప్పండి, కుక్కర్ ఎవరి శత్రువు?

గల్ఫ్ నుంచి వచ్చేవాడు ఏం తేవాలో ఊళ్లో ముందే ఖరారై ఉంటుంది. టీవీ, మందపాటి దుప్పటి, సెంటు సీసాలు, తలనొప్పి బామ్. కార్గో పెట్టె విప్పుతుంటే వాడకట్టు మొత్తం చుట్టూ చేరింది. లోపలి నుంచి పొగగొట్టంతో సహా డ్రమ్ము బయటికొచ్చింది. ఆడవాళ్లు దాని చుట్టూ ఒకసారి తిరిగి, స్నానానికి నీళ్లు కాచుకునే బాయిలర్ అని తేల్చేశారు. కిష్టవ్వ కొడుకును ఎండ దెబ్బ తగిలినవాణ్ని చూసినట్టు చూసింది.

తర్వాతి కథ గుళికలది. మస్కట్ నుంచి వచ్చిన గుళికల సంచీని పరశురాములు పశువుల కొట్టం గోడకు ఆనించి పెట్టాడు. కిష్టవ్వ చెయ్యి పెట్టి చూసింది. సన్నగా, గోధుమ రంగులో, అచ్చం బర్రెకు పెట్టే దాణా! ఎండాకాలం, ఈనిన బర్రె, కొడుకు ఎంత ముందుచూపుతో తెచ్చాడోనని మురిసిపోయి, సంచీ మొత్తం కుడితి గోళెంలో నానబెట్టింది.

నానిన గుళికలు ఉబ్బి గోళెం నిండా పొట్టయ్యాయి. బర్రె ఒకసారి వాసన చూసి, మూతి తిప్పుకొని, ఆ రోజంతా పాలివ్వలేదు. మస్కట్ సరుకును ఊళ్లో మొట్టమొదట తిరస్కరించిన ఘనత దానిదే.

చేసేదేం లేక, సెలవు మీద వస్తున్న ఒక స్నేహితుడితో పరశురాములు ఇంకో సంచీ తెప్పించాడు. సెంటు సీసాలకు చోటు లేకుండా ఆ స్నేహితుడు కట్టె మోసుకొచ్చాడు. వాళ్లింట్లో ఆ సంగతి మీద ఇప్పటికీ గొడవ జరుగుతూనే ఉంది. సరిగ్గా ఆ వేళకే జైనూర్ అవతలి నుంచి జమున తండ్రి కూతుర్ని చూడడానికి వచ్చాడు. ఇంటి వెనక తలుపు తీస్తే టేకు చెట్లు తగిలే మనిషి ఆయన. సంచీలోంచి ఒక గుళిక తీసి, కొరికి, ఉమ్మేసి, అల్లుడి వైపు తిరిగాడు.

“ఎడారి దేశంకెళ్లి కట్టెలు తెప్పిచ్చినవా అల్లుడా?” అని మెల్లగా అడిగాడు.

పరశురాములు సంచీ మూతి బిగించి కట్టేశాడు. దీనికి జవాబు మీ దగ్గరుంటే పంపండి.

ఇక అసలు చిక్కు మటన్ దగ్గర వచ్చింది. ఆ వాడకట్టులో ఆదివారం నాడు కొన్ని ఇళ్లవాళ్లు కలిసి ఒక మేకపోతును కోయిస్తారు. కోసేది రాజం. పరిచిన ఆకుల మీద ఇంటికొక పోగు పెడతాడు. ప్రతి పోగులో తొడ కొంచెం, పక్కటెముక కొంచెం, కార్జం కొంచెం, కొవ్వు కొంచెం ఉండాల్సిందే. ఒక పోగులో ముక్క తగ్గిందని ఎవరైనా అంటే రాజం మూడు రోజులు అన్నం తినడు. ఎన్నికల్లో కూడా అంత న్యాయం ఉండదు.

పెల్లెట్ గ్రిల్ ఈ న్యాయాన్ని ఒప్పుకోదు. చిన్న ముక్కలు లోపలి ఇనప జాలీ సందుల్లోంచి నిప్పులో పడిపోతాయి. దానికి తొడ తొడగా కావాలి, పక్కటెముకలు పలకగా కావాలి. ఆ మాట పరశురాములు చెప్పగానే రాజం కత్తి గాల్లోనే ఆగిపోయింది.

“తొడ తొడనే నీకిస్తే ఇగ పోగెట్ల ఏసుడు పరశురాములూ?”

పరశురాములు తల గోక్కున్నాడు. మస్కట్ మొక్కల మధ్య ఎన్నడూ తట్టని ఉపాయం అతనికి అప్పుడు తట్టింది.

“ఉడికినంక ఏద్దాం. అందరి పాలు అండ్లనే ఉంటది. మా వాకిట్లకు రాండ్రి,” అన్నాడు.

ఈ ఒక్క మాటలోని రాజనీతిని గమనించారా? వాడకట్టులో ప్రతి ఇంటి ఆదివారం ఆ డ్రమ్ములో పడింది! మటన్ ఉడికే దాకా ఎవరికీ కూర లేదు. ఇంటికి పోయి కూర్చుందామంటే, తాను లేనప్పుడు పోగులు వేస్తారేమోనని అనుమానం. పిలిస్తే రాని జనమంతా పిలవకుండానే వచ్చి మంచాల మీద, అరుగు మీద, తిరగేసిన గంపల మీద సర్దుకున్నారు.

మధ్యాహ్నానికి మొండయ్య వచ్చాడు. బండి ఆపకుండానే అయిందా అన్నాడు. కాలేదన్నారు. గంట ఆగి వస్తానని బండి తిప్పాడు. తిప్పి, వాకిట్లో ఉన్న మొహాల్ని ఒకసారి లెక్క చూసుకున్నాడు. అందరూ ఉన్నారు, తనొక్కడే పోతున్నాడు. బండి ఆపి, స్టాండు వేసి, మంచం పట్టె మీద కూర్చున్నాడు. పరశురాములు ఆ స్టాండు పడిన చప్పుడు విని లోపలికి పోయి ఉత్తినే మంచినీళ్లు తాగి వచ్చాడు.

ఇంకో సంగతి కూడా యంత్రం చేసినవాళ్లకు తెలియదు. ఉడుకుతున్న గిన్నె దగ్గరికి వచ్చి మూత తీసి చూడకుండా పోయేవాణ్ని మా దిక్కున గర్విష్ఠి అంటారు. కాబట్టి రాజం మూత తీసి చూశాడు. అతని వెనకున్నవాడూ చూశాడు. కిష్టవ్వ పుల్లతో పొడిచి చూసి, ఉప్పు తగ్గిందేమోనని చిటికెడు చల్లింది. మొండయ్య రెండుసార్లు చూశాడు. తీసిన ప్రతిసారీ వేడి బయటికి పోయేది. మర పాపం మళ్లీ మొదటి నుంచి గుళికలు తోసేది. ఒళ్లు మండి పరశురాములు మీటను ఎక్కువ వేడి చివరికి తిప్పేశాడు.

పొద్దుగూకే వేళకు తొడ బయటికొచ్చింది. పైన బొగ్గు, లోపల పచ్చి. రాజం కత్తి పెట్టగానే ఎర్రటి నీళ్లు కారాయి. జమున పైన మాడింది గీకేసి, మిగిలింది ముక్కలు కొట్టి, పెద్ద గంజులో వేసి, అల్లం వెల్లుల్లి, కారం దట్టించి పొయ్యి మీద పెట్టింది.

మటన్ చెడింది, నిజమే. కానీ ఆ రోజంతా ఏమేం జరిగిందో చూడండి! కాలువ నీళ్ల దగ్గర మాటలు ఆగిపోయిన ఇద్దరు రైతులు, ఒకే గంప మీద కూర్చోవాల్సి వచ్చి, విసుగెత్తి మాట్లాడుకున్నారు. మొండయ్య ఫోనులో చార్జింగ్ అయిపోయింది. చేతులు ఖాళీ అయ్యేసరికి ఆయనకు చిన్నతనం గుర్తొచ్చింది. అన్నదమ్ములిద్దరూ మార్కెట్ యార్డులో పత్తి కుప్ప మీద నిద్రపోతే బాపు ఊరంతా వెతికిన ముచ్చట మొదలుపెట్టాడు. బాపు చేతిలో ఎవరెన్ని దెబ్బలు తిన్నారోనని ఇద్దరూ వాదించుకున్నారు. కిష్టవ్వ కొంగు నోట్లో పెట్టుకొని నవ్వింది.

చీకటి పడకముందే చాప పరిచారు. మొండయ్య వచ్చి తమ్ముడి పక్కనే కూర్చున్నాడు. కలిపిన ముద్ద పరశురాములు చేతిలోనే ఉండిపోయింది. ఎన్నేళ్లుగానో అడిగినది ఎదురుగా విస్తరిలో ఉంటే మనిషికి ఆకలి ఎక్కడ గుర్తుంటుంది?

అతను అక్కడితో ఆగి ఉంటే ఈ కాలమ్‌కు పని ఉండేది కాదు. కానీ మస్కట్ పొయ్యి అని ఊళ్లో పేరు పడింది. పైన బొగ్గు లోపల పచ్చి అని పిల్లలు పాట కట్టారు. పరశురాములుకు పౌరుషం వచ్చింది. మటన్ బాగా వండడం నేర్చుకోవాలనుకున్నాడు. మనుషులు చెడిపోయేది ఇట్లాగే!

ఆదివారాలు గడిచాయి. ఒకసారి తొడ ఎండి కట్టెయింది. ఒకసారి వానకు గుళికలు చెమ్మగిల్లి మర బిగుసుకుపోయింది. ప్రతిసారీ జనం సాయంత్రం దాకా కూర్చున్నారు, ప్రతిసారీ జమున గంజు కాపాడింది, ప్రతిసారీ మొండయ్య బంతిలో ఉన్నాడు. పరశురాములు మాత్రం మటన్ వైపే చూస్తున్నాడు. ఉప్పూ పసుపూ పట్టించి కాసేపు నానబెట్టాలని నేర్చుకున్నాడు. లోపల ఒక గిన్నెలో నీళ్లు పెడితే మాంసం ఎండదని నేర్చుకున్నాడు. మీట తక్కువలో ఉంచి ఓపిక పట్టాలని, దించాక గుడ్డ కప్పి కాసేపు వదిలేయాలని నేర్చుకున్నాడు. తెల్లవారకముందే రాజంను లేపి మేకను కోయించాలనీ నేర్చుకున్నాడు. చివరికి అసలు దొంగ ఎవరో కూడా దొరికాడు. మూత!

మరుసటి ఆదివారం అతను మూతకు బైండింగ్ తీగ చుట్టాడు. తొడలో ఒక సూది గుచ్చాడు. ఆ సూది లోపలి వేడిని చూసి, అయిందనగానే ఫోన్ మోగిస్తుంది. అది మోగగానే వాడకట్టు వాట్సాప్ గ్రూపులో తానే మెసేజ్ పెడతానని, అందాకా ఎవరూ తొందరపడి రావద్దని చెప్పాడు. ఎవరూ తొందరపడలేదు. తీగ చుట్టిన డ్రమ్ములో చూడడానికి ఏముంది?

ఫోన్ మోగింది. తీగ విప్పాడు. ఏమని చెప్పను! పైన పల్చటి పొర, లోపల వెన్న. ఎముక పట్టుకొని ఎత్తితే మాంసం కిందే ఉండిపోయింది. కిష్టవ్వ పళ్లు ఊడిన నోటితో నమిలి, కళ్లు మూసుకొని, ఇంకో ముక్క అడిగింది. రాజం మొదటిసారి కత్తి లేకుండా చేత్తోనే పోగులు వేశాడు. న్యాయం ఎక్కడా తప్పలేదు.

మెసేజ్ వెళ్లింది. డబ్బాలు వచ్చాయి. స్టీలువి, ప్లాస్టిక్‌వి, మూడంతస్తులవి, గోడ మీద వరసగా. గ్రూపులో చప్పట్ల బొమ్మలు కురిశాయి. మొండయ్య బండి మీద వచ్చాడు. ఇంజిను ఆపలేదు.

“మస్తు కుదిరిందట గద తమ్మీ. పార్సిల్ కట్టు,” అన్నాడు.

కట్టాడు. ఏమంటాడు మరి? మటన్ బాగా కుదిరిందని అన్న మెచ్చుకుంటుంటే కాదనగలడా? చాప మీద మళ్లీ ముగ్గురే మిగిలారు. జిల్లాలో అంత మంచి మటన్ ఆ రోజు ఇంకెక్కడా ఉడికి ఉండదు. పరశురాములు రెండు ముక్కలు తిని చెయ్యి కడుక్కున్నాడు. పళ్లెం తనే తీసుకుపోయి కడిగాడు, క్యాంపులో కడిగినట్టు. జమున అది చూసింది.

ఇప్పుడు నా విన్నపంలో ఒక చిన్న సవరణ. కుక్కర్‌ను క్షమించవచ్చు. అది అల్యూమినియం గిన్నె, దానికేం తెలుసు? నిషేధించాల్సింది ఆ డబ్బాను. తినడానికి కూర్చునే తీరిక లేక కూరను మాత్రం బండికి తగిలించుకుపోయే ఆ పార్సిల్ అనే మాటను. కానీ ఏ ప్రభుత్వమూ ఆ పని చేయదని నాకు తెలుసు, జమునకు కూడా తెలుసు. అందుకే ఆమె ఎవరికీ దరఖాస్తు పెట్టుకోలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే పరశురాములు మాంసం లోపల పెట్టి తీగ కోసం వెతికాడు. కొక్కేనికి లేదు. పెరట్లో చూస్తే కొత్తగా కట్టిన చిక్కుడు పందిరికి చుట్టి ఉంది. వంటింట్లోకి వచ్చి జమున మొహం చూశాడు. ఆమె పప్పు చెరుగుతోంది.

“తీగ లేకుంటే ఏమాయె? మూతున్నది గద,” అంది తలెత్తకుండా.

అతనికి మూత తీసి చూసే జనమంతా గుర్తొచ్చారు. తర్వాత ఫోను తీసి, మిషన్ మొరాయించింది, ఎప్పుడైతదో తెల్వదు అని గ్రూపులో పెట్టాడు.

ఇంకేముంది! తన పోగు ఏమైందోనని ఒక్కొక్కరే బయల్దేరారు. రాజం వచ్చాడు. కాలువ రైతులిద్దరూ వచ్చారు, ఒకే బండి మీద. మధ్యాహ్నం దాటాక మొండయ్య వచ్చాడు, ఇంజిను ఆపకుండానే ఏమైందని అడిగాడు.

పరశురాములు డ్రమ్ము పక్కన చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. సూది గుచ్చలేదు గానీ, మాంసం అప్పటికే ఉడికిపోయిందని అతనికి వాసనతోనే తెలుసు. ఇన్ని ఆదివారాలు కష్టపడి నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది?

“ఏమో అన్నా, నాకు సమజైతలేదు. నువ్వే జర మూత తీసి సూడు,” అన్నాడు.

మొండయ్య ఇంజిను ఆపాడు. స్టాండు వేశాడు. మూత ఎత్తి, పొగలోకి వంగి, ఇలాంటి యంత్రాలు ఎన్ని చూడలేదన్నట్టు చాలాసేపు చూశాడు. ఇంకా టైం పడుతుందని తేల్చి చెప్పి, మంచం దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు. పరశురాములు తల ఊపి మీటను అన్నిటికంటే తక్కువ వేడికి తిప్పి, అన్న పక్కనే కూర్చున్నాడు. లోపల జమున జనం తెచ్చిన ఖాళీ డబ్బాల్ని అటక మీద పెడుతున్న చప్పుడు వినిపించింది.

అప్పుడే మొండయ్య జేబులో ఫోన్ మోగింది. మార్కెట్ నుంచి. పరశురాములు చూపు బండి స్టాండు మీదికి పోయింది.

“ఇప్పుడు రాను,” అన్నాడు మొండయ్య ఫోనులో. “ఈడ మటన్ ఇంక ఉడకలే.”